దసరా తర్వాత బిగించిన చక్

2007 జూన్‌లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక ప్యాటర్న్ షాపులో ట్రైనీ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. నియామకపు కాగితంలో అలాగే రాసి ఉంది. ఆడపిల్లకి ఆ పదం ఎలా మార్చాలో టైపు చేసినవారికి తోచలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు. ప్యాటర్న్ అంటే ఫౌండ్రీలో ఇనుము పోసే ముందు ఇసుకలో ఆకారం దింపడానికి చెక్కతో చేసే నమూనా. మా షాపులో ఎక్కువగా పంపు భాగాలకూ పుల్లీలకూ ప్యాటర్న్‌లు చేసేవాళ్ళం.

షాపు యజమాని రామ్మోహనరావు గారు. ఆయన తర్వాత పెద్ద, ప్యాటర్న్ మేకర్ కోటయ్య గారు. కర్ర పనిలో తలపండిన మనిషి. ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఆ తర్వాత నలుగురు పనివాళ్ళు, అందరికంటే కింద నేను. నాకు మాట్లాడటం కష్టంగా ఉండేది. ఏదైనా అడగాలంటే చిన్న చీటీ రాసి సార్ బల్ల మీద పెట్టి వచ్చేదాన్ని. చెప్పలేకపోయినవన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. షాపులో నా మాటలకంటే నా చేతిరాతే అందరికీ ఎక్కువ పరిచయం.

షాపు ముందు గదిలో ఒక సీఎన్‌సీ రౌటర్ ఉండేది. విడిభాగాలుగా తెప్పించి, ఆదివారాలు కూర్చుని సార్ స్వయంగా బిగించుకున్న సరదా యంత్రం అది. పాత కంప్యూటరుకి ప్రింటరు తీగ పెట్టే చోట దీని తీగ పెడితే, కంప్యూటరు చెప్పిన దారిలో కట్టర్ నడిచి చెక్కను చెక్కుతుంది. నిలువు, అడ్డం, లోతు, మూడు దిక్కులు. దాని మీద బంధువుల ఇళ్ళకి పేరు పలకలూ వినాయకుడి బొమ్మలూ చేసేవారు. కోటయ్య గారు దాన్ని "సార్ గారి బొమ్మ" అనేవారు.

ఆ వానాకాలం సార్ దానికి నాలుగో దిక్కు తెప్పించారు. రోటరీ యాక్సిస్ అంటారు. ఒక మోటారు, దాని ముందు చెక్కను పట్టుకునే చక్, అవతలి చివర ఆనడానికి టెయిల్‌స్టాక్. చెక్క తిరుగుతూ ఉంటే నాలుగు పక్కలా చెక్కవచ్చు. దాంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. "అమ్మాయి ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటుందిగా, ఇదీ చదవనీ" అని సార్ నాకిచ్చారు. నేను దాన్ని నవల చదివినట్టే చదివాను, నచ్చిన వాక్యాల పక్కన పెన్సిల్ గీతలు పెట్టుకుంటూ.

అమర్చే పద్ధతి ఇది. చక్‌లో నున్నటి, తిన్నటి స్టీలు కడ్డీ పెట్టాలి. డయల్ గేజ్ అనే ముల్లు గడియారాన్ని రౌటర్ తలకి బిగించి, కడ్డీ పొడవునా నడిపించాలి. ముల్లు కదలకుండా ఉంటే యాక్సిస్ బల్లకి సమాంతరంగా ఉన్నట్టు. తర్వాత కడ్డీని రెండు పక్కలా తాకి, ఆ దూరంలో సగం తీసుకుంటే నడిమి గీత దొరుకుతుంది. లోతుకి సున్నా చెక్క పైన పెట్టకూడదు, తిరిగే కేంద్రంలో పెట్టాలి. పై నుంచి తాకి, కడ్డీ మందంలో సగం దించాలి. చివరగా కడ్డీని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. అన్నీ చేశాను. ముల్లు కదల్లేదు. సార్ వంగి చాలాసేపు చూసి, "ఇది పడుకుందా ఏంటమ్మాయ్?" అని నవ్వారు.

సరిగ్గా ఆ వారంలోనే సాంబయ్య గారు వచ్చారు. చల్లపల్లి దగ్గర పల్లెలో మగ్గం నేసే మనిషి. సంచిలో ఒక పగిలిన చెక్క దిమ్మ, చంకలో గోనెపట్టా చుట్టిన టేకు ముక్క.

మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది. చీర అంచులో పువ్వు పడాలంటే ఏ పడుగు పోగు లేవాలో చిల్లులు పొడిచిన అట్టలు చెబుతాయి. ఆ అట్టల్ని ఒక్కొక్కటిగా సూదులకి ఎదురుగా తెచ్చి నొక్కేది ఈ దిమ్మ. నాలుగు పలకలుగా ఉన్నా దాన్ని సిలిండరు అనే అంటారు. నాలుగు ముఖాల మీదా వరసగా చిల్లులుంటాయి. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దిమ్మ చిల్లులోకి సూటిగా దిగాలి. కాస్త పక్కకి పోయినా సూది చెక్కకి కొట్టుకుని వంగుతుంది, పువ్వు చెడుతుంది. ఆయన జకార్డు తాతల నాటిది. వన్ టౌన్ కొట్లలో దొరికే సిలిండర్లు దాని సూదులకి కుదరలేదు.

"పడుగు మగ్గం మీదుందండీ, గంజి పెట్టిన పడుగు. దసరా ఎళ్ళాక వానలు పట్టుకున్నాయంటే బూజెక్కిపోద్ది. మళ్ళీ అంత పడుగు పోసుకునే ఓపిక నాకు లేదు" అన్నారు. టేకు ముక్క గురించి కోటయ్య గారు అడిగితే, "మా నాయన మగ్గం దూలం అది. కొత్త కర్రయితే వంకరపోద్దని ఇదే కోసి తెచ్చా. ఇంకోటి లేదు, జాగర్తండీ" అన్నారు.

షాపు పని ఆ యంత్రం మీద చేయకూడదని సార్ పెట్టుకున్న నియమం. కానీ నాలుగు ముఖాల మీద ఒకే లెక్కన చిల్లులు వేయడమంటే రోటరీకి తగిన పని. సార్ ఒప్పుకున్నారు. కోటయ్య గారు టేకుని నాలుగు పలకలుగా చిత్రిక పట్టి, చక్‌లో పట్టడానికి చివర్లు లేతు మీద గుండ్రం చేశారు. పగిలిన దిమ్మ నుంచి చిల్లుల దూరాలు కొలిచి ప్రోగ్రాం నేను రాశాను. ఈలోగా దసరా వచ్చింది. పండగ తర్వాత ముందు పరీక్షగా మామూలు కర్ర మీద, ఆపైన టేకు మీద అనుకున్నాం.

ఆయుధ పూజ ఆటోనగర్‌లో పెద్ద పండగ. యంత్రాలన్నీ కడిగి, నూనె తుడిచి, విప్పగలిగినవి విప్పి అమ్మవారి పటం ముందు పేరుస్తారు. ఆ రోజు ఏ పనిముట్టూ ముట్టుకోరు. మా షాపులో పూజ కోటయ్య గారిది. ఉలులు, బాడిసెలు, రంపాలు, వాటి నడుమ అరిటాకు మీద సార్ గారి కొత్త చక్. ప్రతిదానికీ గంధం రాసి కుంకుమ అద్ది, అక్షింతలు చల్లి దణ్ణం పెట్టారు. "నీ బొమ్మకి కూడా పెట్టానమ్మాయ్, అలగకుండా" అన్నారు నాతో.

పండగ వెళ్ళాక చక్ మళ్ళీ ఆయనే బిగించారు. పరీక్ష కర్ర పెట్టి ప్రోగ్రాం నడిపాను. మొదటి ముఖం మీద చిల్లుల వరస సరిగ్గా మధ్యలో పడింది. రెండో ముఖం మీద ఒక పక్కకి జరిగింది. మూడోది మళ్ళీ మధ్యలో. నాలుగోది రెండోదానికి ఎదురు పక్కకి. సాంబయ్య గారు ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కర్ర చేతిలోకి తీసుకుని పగిలిన దిమ్మ పక్కన పెట్టి చూశారు. బయట మబ్బు పట్టి ఉంది, ఆయన దాని వంక చూశారు.

ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు. మోటారు స్టెప్పులు, అంటే అది తిరిగే చిన్న చిన్న అడుగులు, తప్పుతోందని సార్. ఒక డిగ్రీకి ఎన్ని స్టెప్పులో నేను మళ్ళీ లెక్క కట్టి చూపించాను, అది సరిగానే ఉంది. "దిష్టండీ, వచ్చినోళ్ళందరికీ తలుపు తీసి మరీ చూపిస్తే తగలదా?" అని కోటయ్య గారు. చివరికి సార్ విసుగెత్తి, తేడా ఎంతో తెలుసు కాబట్టి రెండో ముఖానికీ నాలుగో ముఖానికీ ప్రోగ్రాంలోనే సర్దుబాటు చేసేసి టేకు ఎక్కించమన్నారు. కోటయ్య గారు గోనెపట్టా విప్పడం మొదలుపెట్టారు.

నాకు ఒకటే తిరుగుతోంది మనసులో. పండగకి ముందు ఇదే కడ్డీ, ఇదే గేజు, ముల్లు కదల్లేదు. చీటీ రాద్దామనుకున్నాను. రాసేలోపు టేకు చక్‌లోకి వెళ్ళిపోతుంది.

"సార్, ఆగండి" అన్నాను.

గదిలో ఉన్నవాళ్ళందరూ నా వంక తిరిగారు. సార్, "ఏంటమ్మాయ్, నువ్వేనా మాట్లాడింది?" అన్నారు. స్టీలు కడ్డీ పెట్టి తిప్పి చూద్దామన్నాను. పెట్టాం. ముల్లు ఒక చుట్టులో ఒకసారి లేచి ఒకసారి దిగింది, ఊపిరి తీసినట్టు. కేంద్రం పక్కకి తప్పింది. అందుకే ఆ తేడా పైకో కిందికో వచ్చిన ముఖాల మీద వరస మధ్యలోనే ఉండి, పక్కలకి వచ్చిన ముఖాల మీద జరిగింది. ప్రోగ్రాంలో వరసని జరపగలం గానీ, చెక్క ఏటవాలుగా తిరుగుతుంటే చిల్లులు సూటిగా దిగవు.

అప్పుడు నాకు అరిటాకు గుర్తొచ్చింది. చక్‌ని దాని మీద చెక్కను పట్టే దవడలు కిందికి పెట్టి బోర్లించారు. మధ్యలోని రంధ్రంలో బంతిపువ్వు గుచ్చింది నేనే. అంటే పైకి కనిపించింది దాని వెనక ముఖం, మోటారు ప్లేటుకి ఆనే ముఖం. నున్నగా, వెడల్పుగా ఉంటుంది. బొట్టు పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు.

"బాబాయ్ గారూ, దసరా బొట్టు ఎక్కడ పెట్టారండీ దీనికి?" అని అడిగాను.

"ఎనకాల. ఎందుకు?"

"చక్ విప్పి తుడవాలండీ."

ఆయన ముఖం మారింది. "దసరా బొట్టు తుడుస్తారా ఎవరన్నా? అది దానంతట అదే రాలాలి. నేను ఇన్నేళ్ళ నుంచీ ఒక్క ఉలికి కూడా తుడవలేదు. నువ్వు ఆడపిల్లవై ఉండి ఆ మాటెలా అన్నావు?" అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ విప్పడానికి తీసుకున్న పానా చేతిలోంచి కింద పెట్టలేదు. సార్ గోడ వంక చూస్తూ నిలబడ్డారు. ఆయనకీ బొట్టు తుడవమని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడు సాంబయ్య గారు బెంచీ మీద నుంచే అన్నారు. "మేమూ పెడతాం బావగారూ మగ్గానికి. పడుగు మీద పెడితే పోగు అంటుకుపోద్దని మా ఆడోళ్ళు గుంజకే పెడతారు. అమ్మవారు గుంజనీ చూస్తది కదండీ."

"బావగారని నన్ను కలిపేసుకున్నాడే!" అన్నారు కోటయ్య గారు, కోపం పూర్తిగా పోకపోయినా. నా చేతిలోంచి పానా తీసుకుని చక్ ఆయనే విప్పారు.

వెనక ముఖం మీద గంధం ఎండి గట్టిపడి ఉంది. అందులో నలిగిన అక్షింత గింజ ఒకటి, బిగింపుకి సగం పిండైంది; ఆ మందానికే చక్ ఒక పక్కకి వాలింది. ఆయన దాన్ని గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని, "ఈ గింజా!" అన్నారు. బొట్టు ఉట్టి చేత్తో తీయలేదు. కొత్త గుడ్డ తెప్పించి, తడిపి తుడిచి, ఆ గుడ్డని పటం దగ్గర పెట్టి వచ్చారు. ప్లేటుని కూడా తుడిచారు. చక్ బిగించాక కుంకుమ భరిణె తెచ్చి నా ముందు పెట్టారు. "తీసేయమన్నది నువ్వేగా, ఎక్కడ పెట్టాలో నువ్వే పెట్టు" అన్నారు. నేను చక్ చుట్టూ ఉండే అంచు మీద, దేనికీ ఆనని చోట, చిన్న బొట్టు పెట్టాను.

కడ్డీ పెట్టి తిప్పాం. ముల్లు పడుకుంది. మళ్ళీ ఒక పరీక్ష కర్ర, తర్వాత టేకు. నాలుగు ముఖాలూ అయ్యేసరికి సాయంత్రమైంది. సాంబయ్య గారు తన వెంట తెచ్చుకున్న పాత అట్టని ఒక్కో ముఖం మీద పరిచి, వెలుతురుకి ఎత్తి, చిల్లులోంచి చిల్లు చూశారు. దిమ్మని గోనెపట్టాలో పసిబిడ్డని చుట్టినట్టు చుట్టుకుని, వాన మొదలుకాకముందే బస్సందుకోవాలని బెంజ్ సర్కిల్ వైపు ఆటో ఎక్కారు. వారం తర్వాత పల్లెలో ఎవరి ఫోన్ నుంచో షాపుకి ఫోన్ చేశారు. సార్ ఫోన్ నా చేతికిచ్చారు. "సూదులన్నీ దిగుతున్నాయమ్మా. సగం చీర దిగింది" అన్నారు. నేను "సరేనండీ" అన్నాను. ఆ రాత్రి డైరీలో మాత్రం రెండు పేజీలు రాశాను.

ఆ షాపులో ఇంకొన్నేళ్ళు పనిచేశాను. తర్వాత వేరే చోట్ల సీఎన్‌సీ విభాగాలు చూసుకున్నాను. పోయిన ఏడాది స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ తీసుకున్నాను. చేసినన్నాళ్ళూ రెండు పద్ధతులు వదల్లేదు. ఏ చక్ బిగించే ముందైనా ఆనే ముఖాలు రెండింటినీ ఉట్టి వేలితో తడిమి చూసేదాన్ని, ఎందుకంటే గుడ్డకి తెలియనిది వేలికి తెలుస్తుంది. ఆయుధ పూజ రోజు కొత్తగా చేరినవాళ్ళ పక్కన నిలబడి, బొట్టు ఏ అంచు మీద పెట్టాలో నోటితోనే చెప్పేదాన్ని. ఇక కొలత చెడినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే: ఆఖరిసారి ఏది విప్పి బిగించారో, అక్కడ.