మా అత్త గెలవనన్న తగాదా

మా అత్త పోయింది. పోయిన బుధవారం పొద్దున, వేలూరు ఆసుపత్రిలో, కాఫీ అడిగి, మా ఆయన కిందికి దిగి తెచ్చేలోపల. ఆయన ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను గుడియాత్తంలో మా వీధి కొళాయి దగ్గర నీళ్ళు పడుతున్నాను. బిందె నిండి పొర్లిపోతున్నా కొళాయి కట్టెయ్యలేదు. వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు మామూలుగా అయితే ఊరుకునే రకం కాదు. ఆ రోజు మాత్రం నా మొహం చూసే తెలుసుకున్నట్టున్నారు. వాళ్ళలో ఒకావిడ ఆ కొళాయి దగ్గరే మా అత్తతో ఏళ్ళ తరబడి పోట్లాడిన మనిషి. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది. "వాయాడి నన్ను ముంచేసి పోయిందే! నేనింక ఎవురితో సండకు పోయేది?" అని ఏడ్చింది. మా వైపు అరవంలో సండ అంటే పోట్లాట, వాయాడి అంటే నోరుగల మనిషి. మా అత్తకు అంతకన్నా మంచి బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

నేను చిత్తూరు పిల్లని, తెలుగు బళ్ళో చదువుకున్నాను. పెళ్ళయి తమిళనాడులో ఈ ఇంటికి వచ్చాక చూస్తే అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. మా మామ కట్టడం మేస్త్రీ. నేను రాకముందే పోయాడు. ఆయన కట్టిన గోడలకు ఇసుకా సిమెంటూ నెత్తిన మోసింది మా అత్త. మోకాళ్ళు అరిగిపోయాక పని మానేసింది. కాళ్ళు అలిసిపోయాయి గాని నోరు అలిసిపోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా ఆయన ఎత్తిపొడిస్తే, "ఊరు మంచిగా లేదు గాబట్టే నాకు నోరుండాది" అనేది.

అప్పుడు ఊరూరా బ్రౌజింగ్ సెంటర్లు లేస్తున్న కాలం. మా ఆయన వేలూరులో టైర్ల కొట్లో పనికి పోతూనే, మా ఇంటి వీధి గదిలో కంప్యూటర్లు పెట్టించాడు. పరీక్ష ఫలితాలు వచ్చే రోజు తప్ప మధ్యాహ్నాలు ఈగలు తోలుకోవడమే. ఆ ఈగలు తోలే ఉద్యోగం నాది. తెలుగు ముక్క కోసం మొహం వాచిపోయి ఉన్న నాకు, ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో చేరి వాదించుకునే ఒక వేదిక ఇంటర్నెట్లో దొరికింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళు. ధరలు, ఎన్నికలు, దేశాన్ని ఎవరు ముంచుతున్నారు, ఎవరు తేలుస్తున్నారు, ఇవే గొడవలు. అత్త గుమ్మం దగ్గర ఫ్యాను కింద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే నేను పైకి చదివి వినిపించేదాన్ని.

ఒక రోజు బెంగుళూరులో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే ఒక అబ్బాయి రాశాడు. దేశం తలుపులు తెరిచింది, పోటీకి నిలబడలేని మిల్లులూ మగ్గాలూ మూతపడితే పడనీ, వాటి కోసం ఏడవడం దండగ అని. అత్త చెయ్యి ఆగిపోయింది. గుడియాత్తం అంటే లుంగీల ఊరు. ఆమె తమ్ముడి మగ్గం ఆ ఏడాదే ఆగిపోయి, అతను పళ్ళికొండలో హైవే పక్క హోటల్లో ప్లేట్లు కడగడానికి చేరాడు.

"ఎవుడు వాడు? యాడుండాడు?"

"బెంగుళూరులో ఉన్నాడత్తా. మనం అరిస్తే వాడికి వినపడదు."

"వాడి మాట ఇంత దూరం వచ్చింది గదా, నా మాట అంత దూరం పోదా? కొట్టు."

టైపు కొట్టాను. వేదికలో ఏదో ఒక పేరు పెట్టుకోవాలి గనక, నాకు తోచింది పెట్టాను: గుడియాత్తం అత్త. దాంతో అక్కడున్నవాళ్ళందరూ ఆమెను "అత్తగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆడపిల్లను కనకుండానే ఆమెకు దేశమంతా అల్లుళ్ళయ్యారు. బెంగుళూరు అబ్బాయి పెద్దల్లుడు. భోజనాలు కాగానే "ఏమంటాడు మా పెద్దల్లుడు ఈ పొద్దు?" అంటూ స్టూలు నా పక్కకు లాక్కునేది.

ఆమె పోట్లాట నేర్చుకున్నది వీధి కొళాయి దగ్గర. పొద్దున పోట్లాడిన మనిషి ఇంటికే సాయంత్రం చారెడు చింతపండుకు పోవాల్సి వస్తుంది, అందుకని అక్కడ దేనికైనా ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దునే ఇక్కడికీ తెచ్చింది. అమ్మనో కులాన్నో లాగి తిట్టినవాడికి జవాబు రాయనిచ్చేది కాదు. "వాడి కాడ సరుకు అయిపోయిందమ్మా, కొట్టు మూసేసినాడు. ముందరికి పద" అనేది. ఇంకొకటి, ఎంత మంట మీదున్నా మొదటి మాట "అన్నం తిన్నావా అప్పా?" అనే ఉండాలి. చాంతాడంత చెబుతుంటే నేను కాస్త కత్తిరించబోయేదాన్ని. వెంటనే పట్టుకునేది. "నేను ఇంత సేపు మాట్లాడితే నువ్వు టకటకమని నాలుగు కొట్టి వదిలేసినావే. మిగతాదంతా యాడ పోయింది?"

పెద్దల్లుడికి మొదట్లో ఆ పలకరింపు ఒళ్ళు మండించేది. నా భోజనం సంగతి మీకెందుకు, విషయానికి రండి అని రాసేవాడు. కొన్నాళ్ళకు దారికొచ్చాడు. "తిన్నాను, క్యాంటీన్లో ఉప్మా, రాయిలా ఉంది. ఇక మీ మగ్గాల సంగతికొస్తే" అని మొదలుపెట్టి చీల్చి చెండాడేవాడు. భోజనం కబుర్లు పెరిగాయి గాని తగాదా మాత్రం పిసరంతైనా తగ్గలేదు.

మా అత్త చెప్పినవన్నీ నిజాలని నేను అనను. పోయిందని పొగడ్తకు అబద్ధమాడితే ఆమే లేచి వచ్చి తిడుతుంది. సెల్‌ఫోన్లు పెళ్ళి పందిట్లో రంగు బల్బుల్లాంటివి, వేడుక అవగానే విప్పేస్తారని వాదించింది. బయటి దేశం సిమెంటుతో కడితే మన ఎండకు మన ఇళ్ళు పగిలిపోతాయని వాదించింది. పెద్దల్లుడు ఓపికగా, వివరంగా అది తప్పని చూపించేవాడు. నేను చదువుతుంటే చివరిదాకా శ్రద్ధగా విని, "బాగా చెప్పినాడు. అయినా తప్పే" అనేది.

ఒకసారి ఎవరో, ఈ అత్తది తెలుగా అరవమా, ముందు భాష నేర్చుకుని రమ్మనండి అని రాశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె మాత్రం చిక్కుడు గింజలు చాటలో సర్దుకుంటూ, "నా మాట వాడికి అర్థం కాకుంటే కోపం యాడనించి వచ్చింది? అర్థమయ్యే ఉంటాది. అదే కొట్టు" అంది. ఆ రోజు పెద్దల్లుడు ఆమె పక్కన నిలబడ్డాడు. అత్తగారి మాట జోలికి రావద్దు, వాదన ఉంటే చెప్పండి అని వాడిని గదిమాడు. "మంచి బిడ్డ" అని అత్త మురిసిపోయి, వెంటనే మగ్గాల తగాదా ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఎత్తుకుంది.

ఆమె నాతో ఎప్పుడూ పోట్లాడలేదు. వీధిలో ఎవరూ నమ్మరు గాని, దేశంలో ఇంతమంది ఉండగా కోడలి వంతు రావడానికి ఆమెకు తీరిక ఎక్కడిది? పైగా పుట్టింట్లో నోట్లో నాలుక లేని పిల్లనని పేరు తెచ్చుకున్న నేను, ఆమె మాటలు కొట్టీ కొట్టీ మనిషినయ్యాను. రేషన్ కొట్టు దగ్గర ఒకాయన నన్ను తోసుకుని ముందుకు పోతే, నాకు తెలియకుండానే "అన్నం తిన్నావా అప్పా? తిన్నాక వరసలో రా" అనేశాను. జనం నవ్వారు, ఆయన వెనక్కి పోయాడు. ఇంటికొచ్చి చెబితే అత్త నా నెత్తిన చెయ్యి పెట్టింది. నా నోరు ఆమె పెట్టిందే.

తర్వాత కంప్యూటర్ కంపెనీలకు గడ్డురోజులు వచ్చాయి. మనుషుల్ని ఇళ్ళకు పంపిస్తున్నారని పేపర్లో చదువుతున్నాం. పెద్దల్లుడు కొన్నాళ్ళు కనబడలేదు. "అలిగినాడా?" అని అత్త రోజూ అడిగేది. ఒక మధ్యాహ్నం ముక్తసరిగా రాశాడు: నా ఉద్యోగం పోయింది. అంతే, వేదికంతా అతని మీద పడింది. పోటీకి నిలబడలేనివి మూతపడనీ అన్న అతని మాటనే తవ్వి తీసి అతని మొహాన కొట్టారు. అత్త వైపు వాదించినవాళ్ళే అందరికన్నా ముందు. "అత్తగారూ, మీరే గెలిచారు! రండి, చివరి దెబ్బ మీదే" అని పిలిచారు.

నేను వేళ్ళు సిద్ధంగా పెట్టుకున్నాను. అత్త చాట కింద పెట్టింది.

"కొట్టు. ఈ తగాదా నాదీ వానిదీ. మూడో మనిషి దిగితే మర్యాదగా ఉండదు. పడిపోయినోణ్ణి కొట్టేదానికి ఎవుడైనా వస్తాడు, నిలబడుండేటప్పుడు మీరంతా యాడుండినారు?"

అది కొట్టాక, కాస్త ఆగి, "తిన్నాడేమో అడుగు" అంది.

మర్నాడు జవాబు వచ్చింది. "తినలేదు అత్తగారూ. మీరు చెప్పిందే నిజం. మగ్గాల సంగతీ నిజమే, సెల్‌ఫోన్ల సంగతీ నిజమే, సిమెంటు సంగతీ నిజమే. తప్పంతా నాదే. ఇక వాదించను."

నేను నవ్వుతూ తలెత్తాను. ఎన్నాళ్ళ తగాదా, గెలిచాం కదా! చూస్తే ఆమె మొహం పాలిపోయి ఉంది.

"సిమెంటు సంగతి కూడానా?"

"అదీ ఒప్పుకున్నాడత్తా."

"అది నిజం కాదు గదమ్మా," అంది మెల్లగా. "అది నాకూ తెలుసు. వానికి ఇంకా బాగా తెలుసు. తెలిసి తెలిసి సరి అన్నాడంటే వాని మనసు బాగలేదు."

ఆ రోజు ఆమె భోజనం ముట్టలేదు. తర్వాత రోజుల్లో అతన్ని రెచ్చగొట్టడానికి నానా మాటలూ రాయించింది. చదువులు దండగ అంది, కరెంటు దండగ అంది. అన్నిటికీ ఒకటే జవాబు: మీరన్నదే రైటు. రైటు అన్న ప్రతిసారీ ఆమె కుంగిపోయేది. చివరికి అతను, గది ఖాళీ చేసి మా ఊరికి పోతున్నాను, మా నాన్న కిరాణా కొట్లో కూర్చుంటాను, ఈ జన్మకు మళ్ళీ కంప్యూటర్ ముట్టను అని రాశాడు. వాళ్ళది నెల్లూరు వైపు. బెంగుళూరు నుంచి మద్రాసు మీదుగా పోవాలి, అంటే జోలార్పేట దాటాక మా ఊరి మీదుగానే.

"ఏ రైలో అడుగు. ఏ పెట్టెలో అడుగు. మన కాడ ఆగేదేనా అడుగు" అంది అత్త.

ఆగేదే. అత్త పొద్దున్నే చిత్రాన్నం, పెరుగన్నం కట్టింది. ఆటోలో స్టేషన్‌కు పోయాం. రైలు వచ్చింది. పెట్టె తలుపులో గడ్డం పెరిగిన సన్నటి అబ్బాయి, కళ్ళజోడు, చొక్కా నలిగి ఉంది. వేదికలో అంత గొంతున్న మనిషి ఇతనేనా అనిపించింది. "అత్తగారూ?" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె దగ్గరికి తీసుకుని ఓదారుస్తుందనుకున్నాను. అన్నం పొట్లం చేతిలో పెట్టింది, పెట్టీ పెట్టగానే మొదలుపెట్టింది.

"మగ్గాలు మూతపడనీ అన్నావే, ఇప్పుడేమంటావు?"

"మీరు చెప్పిందే రైటండీ."

"రైటని చెప్పించుకునేదానికా నేను ఈ మోకాళ్ళతో ఇంత దూరం వచ్చింది? సరి, పోనీ. నువ్వు కొట్లో కూర్చునేదే మంచిది. ఈ కంప్యూటరంతా నాలుగు దినాల ఆట. రేపో ఎల్లుండో ఆ డబ్బాలన్నీ పాత ఇనుముకు పోతాయి. నీ చదువుకు ఇంక విలవ లేదు."

అతను తల వంచుకున్నాడు. ఇంజను కూత వేసింది. నాకు ప్రాణం విసిగిపోయింది, ఏమిటీ ముసలమ్మ, ఏడుస్తున్న పిల్లాడితో అనాల్సిన మాటలేనా ఇవి అని.

"అది కాదు," అన్నాడతను.

"ఏది కాదు?"

"ఆ మాట తప్పు. కంపెనీ పోవచ్చు, పని ఎక్కడికీ పోదు. ఇప్పుడు తగ్గింది, మళ్ళీ వస్తుంది."

"రాదు!"

"వస్తుంది! మీకు తెలీదు!" గొంతు ఖంగుమంది. పక్కవాళ్ళు తిరిగి చూశారు. రైలు కదిలింది.

"నాకు తెలీదా? అప్పా, నాకు తెలీదా?" అంటూ మా అత్త రైలు పక్కన నడక అందుకుంది. అరిగిన మోకాళ్ళతో ఆ నడక ఎక్కడినుంచి వచ్చిందో! నేను ఆయాసపడుతూ వెనక పరుగెత్తాను. దగ్గరికి పోయేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది.

"విన్నావా? నాకు తెలీదంట! వానికి కోపం వచ్చిందమ్మా. ఇంక భయం లేదు."

నిజంగానే అతను ఊళ్ళో ఎక్కువ కాలం కూర్చోలేదు. మద్రాసులో మళ్ళీ కంప్యూటర్ పనే దొరికింది. ఆ వేదిక ఉన్నన్నాళ్ళు వేదికలో, తర్వాత ఫోన్లో, ఇద్దరూ పోట్లాడుకుంటూనే వచ్చారు. మొన్న ఆమె పోయిందని నేనే అతనికి ఫోన్ చేసి చెప్పాను. "ఒక్కసారన్నా నా మాట ఒప్పుకోలేదండీ, ఒక్కసారన్నా" అని ఏడ్చాడు.

ఆమెను తలచుకుంటే నాకు ఆసుపత్రి మంచం గుర్తు రావడం లేదు. ప్లాట్‌ఫారం అయిపోయి కంకర మొదలయ్యే చోట ఆమె నిలబడి ఉంది. రైలు దూరమైపోతోంది. మాటలు వినపడవు. అయినా ఆ తలుపులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, వేలెత్తి, ఇంకా ఏదో గట్టిగా చెబుతూనే ఉంది. ఇటు మా అత్త, చీర కొంగు గాలికి పోతున్నా పట్టించుకోకుండా, కాదు కాదని తల అడ్డంగా ఊపుతూనే ఉంది.