గోడవైపు తిరిగే మనిషి

నల్గొండలో నా జిరాక్స్ దుకాణం పక్కనే ఆయన ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వచ్చినవాళ్లు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఆయన లేచి, గోడవైపు తిరిగి నిలబడేవాడు. నాకది చాదస్తంగా తోచేది.

ఒకసారి ఊరి నుంచి వచ్చిన ముసలాయన తన పాస్‌వర్డ్‌ను అందరికీ వినపడేలా చెప్పి, "నువ్వే కొట్టు బిడ్డా, నీకు తెలిస్తే ఏమైతది?" అన్నాడు.

"నాకు తెల్వద్దు బాపు. ఇప్పుడు విన్న గద, ఇంకోటి పెట్టుకో," అంటూ ఈయన గోడవైపు తిరిగాడు. ముసలాయన ఒక్కో అక్షరం వెతుక్కుని కొత్తది కొట్టేదాకా అలాగే నిలబడ్డాడు.

మొన్నటి ఎండాకాలం ఆ సెంటరాయన గుండెపోటుతో పోయాడు. దినాలకు దండ వేయడానికి ఫోటో కావాలి. మంచివన్నీ సెంటర్‌లో ఆయన వాడుకునే కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

"అన్నా, పాస్‌వర్డ్ నీకేమన్న చెప్పిండా?" అని ఆయన భార్య అడిగింది.

"ఎవ్వరికీ చెప్పే మనిషి కాదమ్మా."

ఆమె కుర్చీలో కూర్చుని బిడ్డ పేరు కొట్టింది, తెరుచుకోలేదు. తన పేరు కొట్టబోయి, నావైపు చూసి ఆగింది. నేను గోడవైపు తిరిగాను. వెనక చాలాసేపు కీల చప్పుడు వినపడింది, తర్వాత అదీ ఆగిపోయింది.

చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే నా దుకాణంలో పెద్దది చేసి ఇచ్చాను. అందులో ఆయన మొహం ఆనవాలు పట్టడం కష్టం.