నాలుగు వేళ్ల సందు

మావయ్య పోయారన్న కబురు బాపట్లలో, లారీకి పంచరు వేయిస్తుండగా అందింది. ఎరువుల లోడు అక్కడే వదిలేసి బస్సెక్కాను. ఆయన ఊరు కొలకలూరు చేరేసరికి ప్రార్థన అయిపోయింది. సమాధిలో వేయడానికి పిడికెడు మట్టి మాత్రం నాకు మిగిలింది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. తెనాలి గూడ్సు షెడ్డులో ముఠా మేస్త్రీ. ఎనభైల్లో రేవు నుంచి ఎరువులు వ్యాగన్లలో వచ్చేవి. ఆయన మనుషులు ఆ బస్తాలను మా లారీలకు ఎక్కిస్తే, మేం రేపల్లె వైపు ఊళ్లకు తోలేవాళ్లం. లోడయ్యాక, బరువుకు బాడీ ఎంత కిందికి దిగిందో చూడ్డానికి మావయ్య వెనక టైరుకూ బాడీకీ మధ్య చెయ్యి పెట్టేవారు. నాలుగు వేళ్లు దూరితే సరే, లేకపోతే బస్తాలు దించాల్సిందే. ఆ అధికారం ఆయనకు ఎవరిచ్చారో నాకిప్పటికీ తెలియదు.

"ఇంకో పది బస్తాలే కదా మావయ్యా" అని బతిమాలితే, "రెండో ట్రిప్పుకి రా అల్లుడూ. బస్తాలకేమన్నా కాళ్లొచ్చి పారిపోతాయా ఏంటి?" అనేవారు. లోలోపల తిట్టుకునేవాణ్ణి.

తొంభైల్లో రేపల్లె ఎరువుల షావుకారు నన్ను నేరుగా మద్రాసు రేవుకే పంపడం మొదలుపెట్టాడు. బరువు లిమిటు దాటి పైన ఇంకో వరస వేస్తే వ్యాగను కంటే లారీయే చవక. అందరూ వేస్తున్నారని మావయ్యకు నేనే చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"లిమిటు ప్రకారం వేసుకుంటే మా వ్యాగనే చవకరా. నువ్వు పైన వేస్తున్న వరస ఉందే, అదే మా ముఠా కూడు" అన్నారు. మళ్లీ ఆయనే, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

నేను మానలేదు. వ్యాగన్లు తగ్గాయి, ముఠాలో మనుషులు తగ్గారు, చివరికి షెడ్డుకు తాళం పడింది. పోయిన వేసవిలో ఆయన ఇంటి ముందు లారీ ఆపితే, కర్ర పట్టుకుని వచ్చి అలవాటుగా చెయ్యి పెట్టారు. ఒక్క వేలే దూరింది.

"ఏంటల్లుడూ, నా వేళ్లు లావెక్కినట్టున్నాయే!" అని నవ్వారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తిట్లు తినాలని, ఆయన చేత మళ్లీ బస్తాలు దింపించుకోవాలని ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

మర్నాడు బాపట్ల తిరిగొచ్చి, లారీ ఎక్కబోతూ ఆగి, టైరుకూ బాడీకీ మధ్య చెయ్యి పెట్టాను. సమాధి మట్టి ఇంకా గోళ్లలోనే ఉంది. ఒక్క వేలూ దూరలేదు. పై వరస దించేద్దామనే అనుకున్నాను. దించితే ఎక్కడ పెట్టాలి? రెండో ట్రిప్పుకి రమ్మని చెప్పేవారేరీ? చెయ్యి తీయబుద్ధి కాక, చాలాసేపు అలాగే నిలబడ్డాను.