చెయ్యి లేస్తేనే డోలక్

మా అత్త పోయిన సంగతి నాకు మంచిర్యాల బస్టాండులో తెలిసింది. మా ఆయన ఫోన్ చేసి, "అవ్వ పోయిందే. జల్ది రా" అన్నాడు, అంతే. మొదట నాకు ఏడుపు రాలేదు. ఇంట్లో ఏడుపులు మొదలై ఉంటాయి, మా బిడ్డ చెవులు మూసుకుని ఏ మూల దాక్కుందో అనుకున్నాను. చెన్నూరు బస్సు ఎక్కి కూర్చున్నాకే కళ్లు నిండాయి. దీనికి మా అత్త నన్ను తప్పుపట్టదు. అలాంటి కబురు ఆమెకు వచ్చి ఉంటే ఆమెకూ ముందు మనవరాలే గుర్తొచ్చేది.

మా బిడ్డ ఇప్పుడు ఏడో తరగతి. చిన్నప్పటి నుంచీ దానికి శబ్దాలు పడవు. కుక్కర్ కూత వేస్తే ఇల్లు విడిచి ఉరికేది. ఊళ్లో డీజే బండి పోయిందంటే ఆ పూట అన్నం ముట్టేది కాదు. కరీంనగర్‌లో డాక్టర్ చూసి, చెవులు బాగానే ఉన్నాయి, మనకు మామూలుగా వినిపించేది ఈ పిల్లకు దెబ్బలా తగులుతుంది అన్నాడు. ఇక మా అత్త సంగతి చూడండి. మిషన్ చర్చిలో పాటల జట్టుకు ఆమే పెద్ద. ఆమె గొంతెత్తితే గోదావరి అవతల బట్టలు ఉతికేవాళ్లు కూడా ఆమెన్ అంటారని మా ఆయన ఎగతాళి చేసేవాడు. అలాంటి అత్తకు ఇలాంటి మనవరాలు!

చర్చిలో పాట మొదలుకాగానే పిల్ల బయటికి పరుగెత్తేది. నేను వెనకే పోయి, చెప్పులు విడిచే చోట దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక ఆదివారం సంఘపెద్ద ఒకాయన మా అత్తతో, "పిల్లను ఇంటికాడ ఉంచరాదమ్మా, ఎందుకు పరేషాన్?" అన్నాడు. మంచికే అన్నాడు, పాపం. మా అత్తకు మాత్రం సర్రున కోపం లేచింది.

"పాటనన్న బయట పెడ్త గని, నా మనుమరాలిని పెట్ట!"

అనడమైతే అనేసింది గానీ ఏం చేయాలో ఆమెకూ తెలియదు. ముందు అన్ని పాటలూ మెల్లగా పాడించింది. రోగి మంచం పక్కన మాట్లాడుకుంటున్నట్టు జట్టంతా గుసగుసగా పాడింది. పిల్ల అప్పుడూ చెవులు మూసుకుంది. మా అత్త ఇంటికొచ్చి, "గింత మెల్లగ పాడితె దేవునికే ఇనబడది, దీనికేం ఇనబడ్డదే?" అంది. నాకు నవ్వాగలేదు.

దారి దొరికింది మురుకుల దగ్గర. ఓ సాయంత్రం వాకిట్లో మనవరాలికి మురుకులు పెట్టి, ఎదురుగా బియ్యం ఏరుతూ మామూలు గొంతుతోనే పాడుకుంటోంది. పిల్ల కరకర నములుతూనే ఉంది. పాట మారింది. దవడ ఆగిపోయింది. మా అత్త చేట పక్కన పెట్టేసి మొదటి పాట మళ్లీ అందుకుంది. దవడ కదిలింది. "ఏమే, ఇటు రా, జర చూడు!" అని ఆమె నన్ను పిలిచిన కేకకు పిల్ల ఉలిక్కిపడి మురుకు జారవిడిచిందనుకోండి, అది వేరే సంగతి.

అప్పటి నుంచి చర్చిలో పాడే ఏ పాటైనా ముందు మా వాకిట్లో పాసు కావాల్సిందే. నమిలితే పాసు, ఆగితే ఫెయిలు. మెల్లని పాటలు కొన్ని ఫెయిలయ్యాయి, గట్టి పాటలు కొన్ని పాసయ్యాయి. చూడగా చూడగా తెలిసిందేమిటంటే, పిల్లను ఎక్కువ బాధపెట్టేది చెప్పకుండా వచ్చి మీద పడే చప్పుడు. నిశ్శబ్దంలోంచి ఒక్కసారి లేచే డోలక్, ఎవరికి వారు కొట్టే చప్పట్లు, చివర్లో కీచుగా సాగదీసే రాగం. మా అత్త చప్పట్లు బంద్ పెట్టింది. సాగదీసే రాగాలు కోసేసింది. డోలక్‌కు మాత్రం ఒక గుర్తు పెట్టింది. అది రాబోయే ముందు ఆమె ఎడమ చెయ్యి పైకెత్తుతుంది, పిల్ల ఆ చెయ్యి చూసి సిద్ధపడుతుంది. డోలక్ వాయించే అన్నకు గట్టిగా చెప్పింది: "నా చెయ్యి లేవకుంట నీ చెయ్యి పడద్దు."

పాటలకు పరీక్షలేమిటని కొందరు గొణిగారు. "పాట మంచిదా కాదా, గది దేవుడు చూసుకుంటడు. నా మనుమరాలు కూసునేటట్టు ఉన్నదా లేదా, గది నేను చూసుకుంట" అనేది. పిల్ల చర్చిలో కూర్చోవడం నేర్చింది, ఒళ్లో మురుకుల డబ్బాతో. ప్రార్థన మధ్యలో కరకర వినబడితే పాస్టర్ అయ్యగారు ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకునేవారు. మా అత్త లేకపోతే మేమిద్దరం ఇప్పటికీ ఆ చెప్పుల దగ్గరే కూర్చునేవాళ్లం.

ఒక్క పాట మాత్రం ఎన్నిసార్లు పెట్టినా పాసు కాలేదు. అది మా అత్త సొంత పాట. వాళ్లమ్మ తానే మాటలు అల్లి కైగట్టింది. కొత్త వడ్లు చర్చికి తెచ్చే కోతల పండుగకు పాడేవాళ్లు. నెమ్మదిగా మొదలై, మధ్యలో ఒక్కసారిగా డోలక్ విరుచుకుపడుతుంది. ఆ పాట అందమంతా అక్కడే. డోలక్ తగ్గించి చూశారు, చెయ్యెత్తి చూశారు. దవడ ఆగడమే కాదు, పిల్ల వణికేది. "పడలే దానికి. పోనీయ్" అని మా అత్త ఆ పాట మానేసింది. పిల్ల బడికి పోయాక బోరింగు దగ్గర బట్టలు పిండుతూ కూనిరాగం తీసేది, అంతే. ప్రతి కోతల పండుగకూ నేను అడిగేదాన్ని: "ఒక్కసారి పాడు అత్తా, అంతసేపు పిల్లను నేను బయట పట్టుకుంట."

"మల్ల బయటనా?" అనేది. నాకు కోపమూ వచ్చేది, ఆమె మీద జాలీ వేసేది.

నేను ఇల్లు చేరేసరికి పిల్ల ఎక్కడా దాక్కోలేదు. బాపమ్మ తల దగ్గరే కూర్చుని ఉంది. నాన్న తల్లిని మా వైపు బాపమ్మ అంటారు. ఏడ్చేవాళ్లే దాన్ని చూసి గొంతు తగ్గించుకున్నారట. మరునాడు సమాధుల తోటకు బయలుదేరే ముందు జట్టువాళ్లు వచ్చారు. "అక్క పాటే పాడాలె, ఇంకోటి వద్దు" అంది అందులో ఒకామె. మా ఆయన నా వైపు చూశాడు. తల్లి పాట ఒక్కసారి వినాలని ఆయనకూ ఉంది.

"పిల్లను పక్కింటికి తీస్కపోత, మీరు పాడుండ్రి" అన్నాను.

పిల్ల నా చెయ్యి విదిలించుకుంది. "నేను బయటికి రాను. బాపమ్మ పాట గద!"

లేచి పోయి డోలక్ అన్న పక్కన, ఎప్పుడూ మా అత్త నిలబడే వైపు నిలబడింది. ఆడవాళ్లు మెల్లగా పాట అందుకున్నారు. డోలక్ రావాల్సిన చోటు వచ్చింది. అన్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇన్నేళ్ల అలవాటు మరి, ఆ చెయ్యి లేవనిదే ఆయన చెయ్యి పడదు. జట్టు కూడా ఆగింది. ఆ చెయ్యి ఇక లేవదని అప్పుడే మా అందరికీ తెలిసొచ్చింది.

మా బిడ్డ కుడి చేత్తో ఒక చెవి గట్టిగా మూసుకుని, ఎడమ చెయ్యి పైకెత్తింది. డోలక్ లేచింది. పిల్ల ఒళ్లంతా వణికింది. ఎడమ చెయ్యి మాత్రం పాట అయ్యేదాకా దించలేదు.