ఎర్ర నంబరు తలుపు

మొన్న మా పెరట్లో స్నానాల గదికి తలుపు బిగించడానికి వచ్చిన వడ్రంగి, గోడకు ఆనించి టార్పాలిన్ కప్పిన చెక్కను చూసి ఆగిపోయాడు. "ఇంత మంచి టేకు తలుపు ఇలాగ పడేసేరేటి బాబూ! కోసి బిగించేద్దునా?" అన్నాడు, రంపం పట్టుకుని. నేను అరిచిన అరుపుకి చోడవరం బస్టాండులో బస్సులు వేళ కాకుండానే బయలుదేరిపోయి ఉంటాయి. అది ఉత్త తలుపు కాదు. మా మేనత్త ఇల్లు.

అత్త పెళ్లయ్యాక విశాఖపట్నంలో కొండవాలు బస్తీలో ఉండేది. పిల్లల్లేరు. మామయ్య పోర్టులో మూటలు మోసేవాడు. ఆ ఇల్లు ఎంత ఇరుకంటే, ఒకరు తుమ్మాలంటే ఇంకొకరు వీధిలోకి వెళ్లాలి. అలాంటి కొంపకి టేకు తలుపు! మామయ్య ఏదో పాత ఓడ చెక్క కొని చేయించాడు. అత్త మాత్రం అది ఇంగ్లాండు రాణీగారి పడకగదిదనే చెప్పేది. మామయ్య పోయాక ఆ మాటను కాదనేవాళ్లు కూడా లేకపోయారు.

ఒక ఏడాది సర్వేవాళ్లు వచ్చి, బస్తీ పడగొట్టి అక్కడే అంతస్తుల ఇళ్లు కట్టిస్తామని, ప్రతి తలుపు మీదా ఎర్ర రంగుతో నంబరు వేసి వెళ్లారు. ఆ నంబరే ఇల్లని అత్త నమ్మకం. మా క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కి రంగు పడకపోతే పాస్టరుగారు గుమ్మం దగ్గరే మొహం ముడుస్తారు. అత్త తలుపంతా నీలం రంగు వేసి, నంబరును మాత్రం పెళ్లి ఫొటోకి ఫ్రేము కట్టినట్టు వదిలేసేది.

బుల్‌డోజరు వచ్చిన రోజు జనం బిందెలూ రేకులూ పట్టుకుని పక్కనే వేసిన షెడ్లలోకి చేరారు. అత్త తలుపు ఊడదీయించుకుని సరాసరి మా ఇంటికొచ్చేసింది. "నంబరు మన దగ్గరుంటే ఎక్కడుంటే ఏటిరా!" అంది.

తర్వాత కట్టడం ఆగింది. ఢిల్లీ వాటా వచ్చిందట, రాష్ట్రం వాటా రాలేదట. రాష్ట్రం కదిలేసరికి ఢిల్లీ వాటా వెనక్కి పోయిందట. నగరం వాటా సంగతి నగరానికే తెలీదట. "ముగ్గురల్లుళ్లు కలిసి మావ శవాన్ని మోస్తామన్నట్టుంది. ఎవుడి బుజం ఆడు సూసుకుంతాడు, శవం సావిట్లోనే" అనేది అత్త. మొలిచిన స్తంభాల మీద చువ్వలు తుప్పు పట్టాయి.

ఎన్నికలయ్యాయి. అదే స్థలంలో మళ్లీ శంకుస్థాపన, పథకానికి కొత్త పేరు. లబ్ధిదారులు ఆధారాలు తెచ్చుకోవాలన్నారు. అత్త తలుపును ఆటో మీద అడ్డంగా కట్టించింది. విశాఖ వెళ్లే దారిలో సబ్బవరం దాకా ఎదురొచ్చిన లారీలన్నీ మాకు దారిచ్చి పొలాల్లోకి దిగిపోయాయి.

ఆఫీసులో కుర్ర అధికారి తలుపును చూసి నవ్వలేదు. నాకు అప్పుడే భయం వేసింది.

"అది పాత ప్రభుత్వం సర్వే అమ్మా, రద్దయింది. ఇప్పుడు షెడ్లలో ఉన్నవాళ్ల పేర్లే రాసుకున్నాం."

"ఇల్లు మీరే కదా బాబూ పడగొట్టేరు. నాను పారిపోనేదు, సుట్టాలింటికెల్లేను."

"అక్కడ కనబడాలమ్మా."

"తలుపు కనబడతన్నాది కదా!"

ఇల్లు లేని తలుపును మళ్లీ ఆటో ఎక్కించాం.

ఆ ఏడే మంచం పట్టింది. "ఒరే, నంబరు తడవనీకురా. మల్లీ గవర్నమెంటు మారితే పాత నంబర్లే అడుగుతారు, సూడు" అంది ఓ సాయంత్రం. నవ్వాను. వారం తిరక్కుండా పోయింది. మా ఊరి సమాధుల తోటలో ఆవిడకి జాగా మాత్రం ఏ సర్వే లేకుండానే దొరికింది.

ప్రభుత్వం మళ్లీ మారింది. ఆ బస్తీ వాళ్ల పాత నంబర్లు కూడా పరిశీలిస్తారట. మూడో శంకుస్థాపన పలక వేశారట. వడ్రంగిని వేరే చెక్క తెమ్మని పంపేసి టార్పాలిన్ ఎత్తి చూశాను. చిరుగుల్లోంచి వాన నీళ్లు దిగినా నీలం రంగు ఉంది. మధ్యలో వదిలిన చోట మాత్రం ఎర్రటి తోక ఒకటి మిగిలింది. అది ఏ అంకెదో తెలియలేదు.

గోడల్ని కూల్చడానికి అంత పెద్ద యంత్రం కావాల్సి వచ్చింది. నంబరును చెరపడానికి మాత్రం, పెరట్లో ఊరికే గడిచిపోయిన ఏళ్లు సరిపోయాయి.