హెల్మెట్‌లో కుడి సగం

సీట్లక్కకి మొండితనం పుట్టుకతోనే వచ్చింది. మూతి వంకర మాత్రం యాభై దాటాక వచ్చింది. చూసేవాళ్లకి రెండోదే ముందు కనబడుతుంది, అది వాళ్ల ఖర్మ.

కార్ల సీట్లకి తొడుగులు కుట్టడం ఆమె పని. ఎవరు బండి తెచ్చినా చినిగిన సీటుని అరచేత్తో ఓసారి నిమిరి, "లోపల ఫోమే చచ్చిపోయింది, పైపైన కుడితే మీ నడుం పోతుంది" అని మొహం మీదే చెప్పేసేది. చెప్పించుకున్నవాళ్లు మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. షాపు ఆమెదీ తమ్ముడిదీ కలిపి. బేరాలు అతనివి, కొలతలు, కత్తిరింపు ఈమెవి. బోర్డు మీద ఏం రాసి ఉందో వీధిలో ఎవరికీ తెలీదు, అందరికీ అది సీట్లక్క షాపు.

ఓ పొద్దున పళ్లు తోముకుంటుంటే పుక్కిలించిన నీళ్లు కుడివైపు నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే కుడి చెంప జారిపోయి, మూతి ఎడమకి లాక్కుపోయి ఉంది. ముఖం నరం దెబ్బతింది, కొంత తిరిగొస్తుంది, కొంత రాదు అన్నాడు డాక్టరు. రానిదే ఎక్కువ మిగిలింది. కుడి కన్ను పూర్తిగా మూతపడదు. ప, బ, మ అనాల్సి వచ్చినప్పుడల్లా గాలి పక్కకి జారిపోయి మాట ముద్దగా వస్తుంది.

తమ్ముడు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే చివరిదాకా అతణ్ణి తిట్టుకుంటూ కూర్చుంటారు. "అక్కా, నువ్వు వెనక గదిలో కూర్చుని కుట్టుకో. బయట దుమ్ము, నీ కంటికి పడదు" అన్నాడంతే. దుమ్ము వెనక గదిలోనే ఎక్కువ. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె మిషను తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది.

వెనక గదిలో ఆమెకి తోడు అంతరిక్షం సినిమాలు. చిన్నప్పట్నుంచీ అవంటే ప్రాణం. రాకెట్లు ఎగురుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తారు, ఈవిడ మాత్రం వాటిలోని సైనికుల కవచం భుజం దగ్గర అతుకు ఎక్కడుందా అని వెతుకుతుంది. కనబడగానే, "ఇది ఇనుమూ కాదు, పాడూ కాదు. మన ఫోమే" అని నవ్వుకుంటుంది. మరి ఇంటినిండా ముక్కలు పడున్నాయి కదా! సీట్లు కోయగా మిగిలిన గట్టి ఫోముతో ఛాతీ కవచం చేసింది, భుజాలు చేసింది, మోచేతులు, మోకాళ్లు చేసింది. తల ఒక్కటి మిగిలింది.

ఇదంతా ఊరికే కాదు. టౌన్‌హాల్లో ఏటా వేషాల ప్రదర్శన జరుగుతుంది. దాంట్లో ఒక నియమం ఉంది: వేషం చేసినవాళ్లే దాన్ని వేసుకోవాలి, స్టేజీ మీద తలకున్నది తీసి, ఎలా చేశారో మైకులో చెప్పాలి. తీయడం, చెప్పడం. ఏ ముఖం చూపించొద్దని ఆమెని వెనక్కి పంపారో ఆ ముఖమే చూపించాలి, ఏ మాట ముద్దగా వస్తుందో ఆ మాటే మాట్లాడాలి. సీట్లక్క ఫోను చేసి తన పేరిచ్చేసింది.

హెల్మెట్‌కి కొలత తీయడానికి మరదల్ని పిలిచింది. గిన్నెల మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ కాగితం తలకీ ముఖానికీ చుట్టి, దాని మీద టేపు అతికించి, గీతలు గీసి, కోసి విప్పితే తల ఆకారం చేతికొస్తుంది.

"ముక్కూ నోరూ వదిలెయ్యవే, చచ్చిపోతాను" అంది సీట్లక్క.

"ముక్కు వదుల్తాను వదినా. నోరు మూసే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో!" అంది మరదలు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వితే టేపు ఎడమవైపే ముడతలు పడింది.

ఇక్కడే జరిగింది పొరపాటు. సీట్లు కుట్టేవాళ్లు ఏదీ పూర్తిగా గీయరు. సీటు కుడి ఎడమలు ఒకటే కాబట్టి సగం గీసి, దాన్నే తిప్పి రెండో సగం కోస్తారు. అలా కోసీ కోసీ ఆమె చేతికి ఇంకో దారి తెలీదు. మెడ వెనక నుంచి నడినెత్తి మీదుగా గడ్డం దాకా గీత గీసింది, ఒక సగం కాగితం మీదకి ఎక్కించింది, దాన్నే తిప్పి రెండోది కోసింది. ఏ సగం తీసుకున్నావని ఆ చేతిని ఎవరూ అడగలేదు. అది ఎడమ సగమే తీసుకుంది.

ఫోము అంచులకి జిగురు రాసి, తడి ఆరి వేలికి అంటనంత వరకు ఆగి, అప్పుడు అతికించింది. వేడిగాలి పట్టించి బుగ్గల దగ్గర వంపు తెచ్చింది. నల్లరంగు వేసి, అంచులకి వెండిరంగు పులిమి, అక్కడక్కడా గరుకు కాగితంతో గీరి, నాలుగు యుద్ధాలు చూసినట్టు చేసింది. గాలి కోసం మూతి దగ్గర రెండు వైపులా చీలికలు పెట్టింది. అబ్బ, ఎంత అందంగా వచ్చిందని! తమ్ముడు దాన్ని రెండు చేతుల్తో పైకెత్తి, "అక్కా, ఇది చూస్తే ఎవడైనా కారాపుతాడే!" అని తీసుకెళ్లి షాపు ముందు అద్దాల అరలో పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం సీట్లక్క దాన్ని పెట్టుకుని చూసింది. కాసేపటికే కుడి కన్ను భగ్గుమంది. కుడి చీలికలోంచి వచ్చే గాలి తిన్నగా మూతపడని కంట్లోకే కొడుతోంది. జారిన కనుబొమ్మకి పైఅంచు గుచ్చుకుంటోంది. మాట్లాడితే గొంతు బయటికి రావడం లేదు, ఎందుకంటే చీలికలు ఉన్న చోట నోరు లేదు. తీసి ఒళ్లో పెట్టుకుని, కారుతున్న కన్ను తుడుచుకుంటూ అటూ ఇటూ తిప్పి చూసింది. రెండు వైపులా పాత సీట్లక్కే ఉంది.

అప్పుడొచ్చింది కోపం. తమ్ముడి మీద కాదు, తన మీద. వాడు నన్ను వెనక గదిలోకి పంపాడని లోపల్లోపల ఉడికిపోతున్నానే, మరి నేనేం చేశాను? నా చెంపని నేనే లెక్కలోంచి తీసేశాను. ఆ మాట అనుకున్నాక ఆమెకి అన్నం సహించలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వెంట అతని బావమరిది. కండలు పెంచిన మనిషి, చొక్కా ఎప్పుడూ ఒక సైజు తక్కువే తొడుక్కుంటాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, ఒంటికాలి మీద లేవకు. నీ కంటికేమో ఆ హెల్మెట్ పడట్లేదు. స్టేజీ మీద మాట్లాడాలంటే నీకూ ఇబ్బంది. వీడు వేసుకుంటాడు. తనే చేశానని చెప్తాడు. మన షాపు పేరు మాత్రం గట్టిగా చెప్తాడు."

"ఏం చెప్తాడు?" అంది సీట్లక్క. "ఏరా అబ్బాయ్, జిగురు రాశాక ఏం చేస్తావు?"

బావమరిది ఆలోచించాడు. "అతికిస్తానక్కా."

"తడి మీదే?"

"తడి మీదైతేనే కదక్కా అంటుకుంటుంది!"

"పొద్దున్నకి రెండు చెంపలూ ఊడి చేతిలోకి వస్తాయి నీకు" అంది. తమ్ముడి వైపు తిరిగింది. "నా పని వాడు చేశానని చెప్తే నువ్వు చప్పట్లు కొడతావా?"

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను చూసి నవ్వుతారే అక్కా. నేను చూడలేను" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు పాపం, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

"చూడలేకపోతే రాకు."

అని లేచి, షాపు ముందుకి నడిచి, తమ్ముడు అద్దాల అరలో మళ్లీ పెట్టేసిన హెల్మెట్ తీసింది. ఫోము కోసే కత్తి తీసుకుని, అందరూ చూస్తుండగా మెడ వెనక నుంచి నడినెత్తి మీదుగా గడ్డం దాకా ఒక్క కోత కోసింది. కుడి సగం విడిపోయి కింద పడింది. లోపల్నుంచి వచ్చిన మరదలు గుండెల మీద చెయ్యేసుకుంది. బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

"పిచ్చా నీకు? బంగారంలాంటి దాన్ని!" అని అరిచాడు తమ్ముడు.

"బాగుంది. కానీ నాది కాదు" అంది సీట్లక్క.

టేపు తొడుగులోని కుడి సగం పారెయ్యలేదు, దాన్ని కాగితం మీద ఉన్నదున్నట్టు ఎక్కించింది. కన్ను దగ్గర అంచుని బయటికి జరిపి, కింద చిన్న చూరులాంటిది కట్టింది, గాలి పైకి రాకుండా. కుడివైపు చీలికలు తీసేసి, మూతి ఇప్పుడు ఎక్కడుందో అక్కడ, ఎడమకి, పెద్దవి కోసింది. చెంప దగ్గర వంపు కిందికి జారింది. సాపు చేద్దామా అని ఒక క్షణం వేడిగాలి గన్ను చేతిలోకి తీసుకుంది. వద్దులే అని పక్కన పెట్టేసింది. పెట్టుకుని చూస్తే కన్ను మండలేదు, గొంతు ఖంగుమని బయటికొచ్చింది. తమ్ముడు దాన్ని చూసి, "వంకరగా ఉంది" అన్నాడు. "అవును, అలాగే కోశాను" అంది ఆమె.

ప్రదర్శన రోజు చూడలేనన్న తమ్ముడు కూడా వచ్చాడు. మరదలితో కలిసి మూడో వరసలో బిక్కచచ్చిపోయి కూర్చున్నాడు. సీట్లక్క కవచం తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని స్టేజీ ఎక్కింది. ఈలలు పడ్డాయి. మైకు పట్టుకున్న కుర్ర యాంకరు, "సైనికుడు గారూ, ముఖం చూపించండి!" అన్నాడు.

రెండు చేతుల్తో హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. ఈలలు ఆగిపోయాయి. ఎక్కడో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు తల దించేసుకున్నాడు.

మైకు అందుకుని మొదలుపెట్టింది. ఫోము అంది, అది ఇంకేదోలా వినబడింది. బ్లేడు అంటే గాలి బుస్సుమంది. యాంకరు జాలిగా మొహం పెట్టి, "చాలా బాగుందమ్మా, చాలమ్మా, చాలు, కష్టపడకండి" అని మైకు కోసం చెయ్యి చాపాడు.

సీట్లక్క మైకు ఇవ్వలేదు. "కష్టం నాకు లేదు బాబూ. నీకుంటే పక్కన కూర్చో" అంది. ఆ ముక్క మాత్రం చివరి వరస దాకా తెలిసింది. జనం గొల్లుమన్నారు, యాంకరు కూడా నవ్వేసి పక్కకి జరిగాడు.

"హెల్మెట్ రెండు వైపులా ఒకేలా లేదేంటండీ?" అని ముందు వరసలోంచి ఒకావిడ అడిగింది.

సీట్లక్క హెల్మెట్‌ని తన ముఖం పక్కన పట్టుకుని అటూ ఇటూ చూపించింది. "కొలత సరిగ్గా తీశాను కాబట్టి" అంది. కారుతున్న కన్ను మోచేత్తో తుడుచుకుని, హాలు మొత్తాన్ని ఓసారి కలియజూసింది. తమ్ముడు తల ఎత్తాడు.

"ఇందాక చెప్పింది సగం మందికి అర్థమై ఉండదు. నాకేం తొందర లేదు" అంది. "మళ్లీ మొదట్నుంచి చెప్తాను, వినండి."