బ్రేకు షూకు పెట్టిన బొట్టు

పాత కారు మీద మోజుతో బెంగళూరులో బళేపేట మెకానిక్కుల దారి పట్టేవాళ్లు ముందు నా గోడు వినండి. దసరా వెళ్లిన వారానికి, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర బ్రేకు నొక్కితే మా అరవై ఏళ్ల కారు ఎడమకు లాక్కుపోయింది. స్కూటరు మీదున్న ఒకావిడకూ మాకూ మధ్య జానెడు దూరం మిగిలింది. నా పక్క సీట్లో ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఉంది. ముందు చక్రాలకు కొత్త బ్రేకు షూలు వేయించి అప్పటికి నాలుగు రోజులే. ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున ఆరింటికే సర్జాపురలో మా ఇంటి నుంచి బయలుదేరాను. రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడే ఇలాంటి బండిని నెట్టుకురాగలం. మెల్లగా నడిపినా గంటంబావులో బళేపేట వెనక సందుకు చేరాను. దారి పొడుగునా ఆ షూలు బిగించిన మెకానిక్కు మునియప్పను మనసులో తిడుతూనే ఉన్నాను. నలభై ఏళ్ల పనివాడు, ఆ మాత్రం చూసుకోవద్దా? షెడ్డు ముందు ఆపుతూనే దులిపేశాను.

"మనుషుల్ని చంపేస్తారా మీరు? ఏం బిగించారు?"

"కోపం చేసుకోవద్దప్పా. కాఫీ తాగు, విప్పి చూస్తాను."

కాఫీ ముట్టలేదు. ఆయన కుడి చక్రం తీసి డ్రమ్ము లాగాడు. లోపల షూ మీద, డ్రమ్మును ఒరుసుకుని చక్రాన్ని ఆపాల్సిన లైనింగు పట్టీ మీదే ఎర్రటి జిడ్డు మరకలు. నూనె పీల్చి ఆ పక్క పట్టు పోయింది. ఎడమ చక్రం ఒక్కటే ఆగుతోంది, కారు అటు తిరుగుతోంది.

"ఈ నూనె ఎక్కడిది?"

"నువ్వు తెచ్చినప్పుడే ఉండాది కదప్పా. కుంకుమ బొట్టు."

ఆయుధపూజ రోజు కొత్త షూల జతలు రెండూ దేవుడి దగ్గర పెట్టి, పైనున్న జతకు నూనెలో తడిపిన కుంకుమతో బొట్లు పెట్టింది నేనే.

"మరి తుడవలేదేం?"

"పూజ చేసిండే బొట్టు. తుడిచేకి చెయ్యి రాలేదప్పా."

తెలిసీ బిగించాడంటే నాకు ఇప్పటికీ మండుతోంది. పదిన్నరకు దుకాణాలు తెరిచాక పద్నాలుగు వందలకు కొత్త జత తెచ్చాను. ఆయన సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని బిగించాడు, కూలి తీసుకోలేదు.

తిరుగు దారిలో బండి తిన్నగా ఆగింది. తిట్లన్నీ ఆయన మీదే ఖర్చుపెట్టేశాను, నా వాటాకు ఒక్కటీ మిగల్చుకోలేదు. మీరు బొట్టు పెట్టాలనుకుంటే బానెట్టుకు పెట్టండి. లైనింగుకు నూనె తగిలితే కడిగి వాడొద్దు, జత మార్చేయండి. ఇంటికొచ్చి జరిగిందంతా మా అమ్మాయికి చెప్పాను, తప్పు నాదేనని కూడా. సోమవారం బడికి కారు తీస్తే, ఎప్పుడూ నా పక్కన కూర్చునే పిల్ల ముందు తలుపు దాటి వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.